పెండ్లి కార్డు మీది పది పైసలు

2 నవంబరు 1982, మంగళవారం

పై కార్యాలయం నుండి సర్క్యులరు అందింది. మూడు, నాలుగు తరగతుల బాలబాలికలకు ద్రవ్యము, వర్తకము అను విషయములను ‘క్రియాత్మకంగా’ బోధించవలెనని ఆదేశం. క్రియాత్మకం అనే మాట కింద రెండు గీతలు ఉన్నాయి. ఖర్చు ఏ పద్దు కింద చూపవలెనో రాయలేదు. కాబట్టి ఖర్చు ఉండరాదని గ్రహించడమైనది.

సాయంత్రం సిబ్బంది సమావేశం జరిగింది. ప్రధానోపాధ్యాయుడి హోదాలో నేను అధ్యక్షత వహించాను. సహాయోపాధ్యాయుడి పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉన్నందున ఆయన తరఫున కూడా నేనే హాజరయ్యాను. ప్రతి శనివారం చివరి గంటలో బడి ఆవరణలో పిల్లల అంగడి పెట్టాలనీ, అందులో చెల్లే చీటీలను పాఠశాలే ముద్రించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ఎక్కం అప్పజెప్పిన వారికి పది పైసల చీటీ. పలక శుభ్రంగా ఉంచిన వారికి అయిదు పైసలది. ఒకటి నుండి ఇరవై వరకు ఆగకుండా అన్ని ఎక్కాలూ చెప్పినవారికి పావలా.

అట్ట కొనడానికి పైకం లేదు. పదిహేనేళ్లుగా అందిన పెండ్లి పత్రికలను శ్యామలమ్మ బియ్యం డబ్బా వెనుక కట్టగట్టి దాచింది. వాటి వెనుక వైపు తెల్లగా ఉంటుంది. అడిగాను.

“కత్తిరించుండ్రి. ఆ పెండ్లిళ్లల్ల సగం ఎట్లాగూ నిలబడలే,” అని నా భార్య మంజూరు చేసింది.

4 నవంబరు

అరవై రూపాయల విలువ గల చీటీలు తయారయ్యాయి. ప్రతి దాని మీద పాఠశాల గుండ్రని ముద్ర వేసి, “ఈ చీటీ తెచ్చినవారికి పై సొమ్ము చెల్లించెదనని వాగ్దానము చేయుచున్నాను” అని రాసి, కింద సంతకం చేశాను. అసలు నోటు మీద ఉండే వాక్యం లేకుంటే పాఠం అసంపూర్ణం అవుతుంది.

సంతకాలు చేసి చేసి వేలు వాచింది. రిజర్వు బ్యాంకు గవర్నరు గారి మీద మొదటిసారి సానుభూతి కలిగింది.

6 నవంబరు, శనివారం

మొదటి అంగడి. జామకాయలు, తాటాకు బూరలు, అరిగిన పెన్సిళ్లు, కొత్తవాడ నేతగాళ్ల పిల్లలు తెచ్చిన రంగు నూలు ముక్కలు అమ్మకానికి వచ్చాయి. అందరికంటే ఎక్కువ వ్యాపారం చేసింది మూడో తరగతి వజీరా. ఈ పిల్ల బడి ఎదురుగా చాయ్ హోటలు నడిపే కరీముద్దీన్ కూతురు. తెచ్చిన జామకాయలు అయిపోయాక, పక్కవాడి జామకాయలు కూడా తానే అమ్మిపెట్టి అందులో వాటా తీసుకుంది. ఇది పాఠంలో లేదు.

అంతకుముందు పాఠం చెప్పాను. నోటంటే ఏమిటని అడిగాను.

“ఉత్త కాగితమే గద సార్?” అన్నది వజీరా.

“కాదు. కాగితం వట్టిదే. దాని మీద ఉన్నది ఒక మనిషి మాట. మాట నిలబడినంత కాలం నోటు నిలబడుతుంది,” అన్నాను.

బాగా చెప్పాననిపించింది. ఇంటికి వచ్చాక ఆ వాక్యాన్ని ఇక్కడ మరొకసారి రాసుకుంటున్నాను. మాట నిలబడినంత కాలం నోటు నిలబడుతుంది.

11 నవంబరు

ఉదయం బడి తాళం తీస్తుండగా గేటు దగ్గర మాటలు వినిపించాయి. గేటు పక్కన గంప పెట్టుకుని ఉడకబెట్టిన శనగలు అమ్మే సమ్మమ్మ ఎదుట వజీరా నిలబడి ఉంది. సమ్మమ్మ చేతిలో నా సంతకం ఉంది.

“సారూ, గిదేం ముచ్చట? పొద్దుపొద్దుగాల ఈ పిల్ల వచ్చి శనగలు పోయుమన్నది. పోసినంక గీ పెండ్లి కార్డు చేతుల పెట్టింది.”

“అది బడిలో చెల్లే చీటీ. బయట చెల్లదు. తిరిగి ఇచ్చెయ్యి,” అన్నాను.

“ఎట్లిస్త సారూ? బోణీ గద! బోణీ బేరాన్ని మర్లగొడ్తె దినమంత గంప లేవది. ఉద్దెర పెడ్తె ఇంకింత అరిష్టం. ఇచ్చింది ఏదైన తీసుకోవాలె.” ఆ చీటీని రెండు కళ్లకూ అద్దుకుని గంప అడుగున గుడ్డ కింద పెట్టింది. “మీ సంతకమే గద. యాడికి పోతది?”

రేపు ఆమెకు పది పైసలు ఇచ్చి చీటీ వెనక్కు తీసుకోవాలి.

12 నవంబరు

మరిచిపోయాను.

16 నవంబరు

బస్తీలో చిల్లర దొరకడం లేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా, పైసలకు బదులు అగ్గిపెట్టె, పిప్పరమెంటు బిళ్ల, లేదా ‘రేపిస్త’ అనే మాట దొరుకుతున్నాయి. సమ్మమ్మకు బోణీ చీటీలు రోజుకు నాలుగైదు వస్తున్నాయి. మొదటి బేరం తనదే కావాలని పిల్లలు తెల్లవారకముందే గేటు దగ్గర వరస కడుతున్నారు. వచ్చినవారందరూ మొదటివారేనని ఆమె ఒప్పుకున్నది. ఆ చీటీలనే ఆమె ఇతరులకు చిల్లరగా ఇస్తున్నది. వాళ్లు కరీముద్దీన్ హోటల్లో చాయ్‌కి ఇస్తున్నారు.

ఈ సాయంత్రం అక్కడ చాయ్ తాగి రూపాయి ఇచ్చాను. చిల్లరలో నావే రెండు చీటీలు వచ్చాయి.

“ఏం జేస్త సార్, సర్కారు చిల్లర లేదు. మీ చిల్లర మస్తున్నది,” అన్నాడు కరీముద్దీన్.

భారత ప్రభుత్వ ద్రవ్య విధానంతో పోటీ పడే ఉద్దేశం నాకు ఎన్నడూ లేదని ఇందుమూలముగా నమోదు చేస్తున్నాను. చీటీ మీద సంతకం మాత్రం బాగా వచ్చింది. నా పేరు ‘వీరభద్రం’లోని ‘ద్ర’ దగ్గర కొంచెం గంభీరత ఉంది.

19 నవంబరు

శ్యామలమ్మ కూరగాయలు తెచ్చింది. చేతిలో చీటీ.

“ఇగో, మీ సంతకం అంగట్ల దొరికింది. పది పైసల మిరపకాయలు తక్కువేసి ఇది ఇచ్చింది ఆ ముసల్ది.”

“దాని మీద వాగ్దానం ఉంది.”

“మిరపకాయలు లేవు గద.”

పిల్లలు పదిహేడో ఎక్కం వరకు వచ్చేశారు. అరవై రూపాయల చీటీలూ జారీ అయిపోయాయి. సర్క్యులరు లక్ష్యం నెరవేరినట్టు భావించవచ్చును.

24 నవంబరు, బుధవారం

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. రాగానే బడిలోకి రాలేదు. ప్రయాణ బడలిక తీర్చుకోవడానికి ఎదురుగా కరీముద్దీన్ దగ్గర చాయ్ తాగారు. తరువాత నా గదిలో కూర్చుని, జేబులో చేయి పెట్టి, ఎవరిదో పెండ్లి పత్రిక ముక్కను బల్ల మీద ఉంచారు. దాని మూలన పసుపు ఇంకా ఉంది.

“ఏంది వీరభద్రం గారూ, ఇది?”

“బోధనోపకరణం సార్.”

“నాకు పది పైసలు వాపసు రావాలె. హోటలాయన బోధనోపకరణం ఇచ్చిండు. మీరేమన్న రిజర్వు బ్యాంకా?”

“సర్క్యులరులో క్రియాత్మకంగా అని...”

“క్రియ ఎక్కువైంది.” ఆయన గొంతు తగ్గించారు. “వినుండ్రి. సర్కారు ముద్ర కొట్టి పైసలు అచ్చేసిండని ఒక్క కాగితం, ఒక్కటంటె ఒక్కటి, ఎవడన్న రాసి ఆఫీసుల ఇచ్చిండంటె మీ నౌకరి పోతది. నేను గూడ ఆపలేను. ఇయ్యాల్టి నుంచి బంద్. అట్ల చీటీలేవీ ఎన్నడూ జారీ చేయలేదని నాకో సర్టిఫికెట్ రాసియ్యుండ్రి.”

రాసి ఇచ్చాను. ‘ఎన్నడూ’ అనే మాట కింద ఆయన రెండు గీతలు గీయించారు.

వెళ్లేముందు పది పైసలు అడిగి తీసుకున్నారు. ఇప్పటివరకు నేను నిలబెట్టుకున్న వాగ్దానం ఇదొక్కటే.

25 నవంబరు

పిల్లలకు అంగడి బంద్ అని ప్రకటించాను. కారణం చెప్పలేదు.

26 నవంబరు, శుక్రవారం

కారణం చెప్పకపోవడం పొరపాటు. నిన్న మధ్యాహ్నానికే బస్తీ అంతా తనకు తోచిన కారణం తాను చెప్పుకున్నది. చీటీలు చెల్లవని పుకారు. కరీముద్దీన్ తీసుకోవడం మానేశాడు. మిరపకాయల ముసలమ్మ మానేసింది. ఎవరి దగ్గర ఎన్ని ఉంటే అన్నీ పట్టుకుని అందరూ సమ్మమ్మ గంప దగ్గరికి వెళ్లారు. మొదట తీసుకున్నది ఆమే కదా అని వాళ్ల వాదన. ఆమె కాదనలేదు. ఒక్కరోజులో శనగలు, బఠాణీలు, బెల్లం ఉండలు అన్నీ పోయాయి; గంపలో నా సంతకాలు మిగిలాయి.

సాయంత్రం గేటు దగ్గర ఆపింది.

“సారూ, లెక్క పెట్టించిన. నలభై ఏడు రూపాలున్నయంట. ఎప్పుడు మారుస్తరు?”

“పైకి ప్రతిపాదన పంపాలి సమ్మమ్మా.”

“పైకంటె?”

“పైకి.”

“సోమారం పొద్దుగాల శనగల సేటుకు కట్టాలె సారూ. కట్టకుంటె సరుకియ్యడు. సరుకు లేకుంటె నా జాగల వేరేటోళ్లు కూసుంటరు. ఓ బజ్జీల బండాయన అప్పుడే ఈ గోడను చూసి పోయిండు.” నవ్వింది. “మీరుండంగ నాకేం ఫికర్ లేదనుకో.”

ప్రతిపాదన పంపవలసి ఉంటుందని మరొకసారి చెప్పాను.

27 నవంబరు

బడి వెనుక వైపున చిన్న గేటు ఉంది. ఆ దారిన గాలి బాగా వస్తుంది. ఈ రోజు నుండి రాకపోకలకు దానినే వాడాలని నిర్ణయించడమైనది.

28 నవంబరు, ఆదివారం

జారీ చేయని చీటీల చెల్లింపుకు సొమ్ము ఏ పద్దు నుండి తీయవలెనో తెలుపవలసిందిగా కోరుతూ పై కార్యాలయానికి లేఖ రాశాను. చదువుకున్నాను. చించాను.

కరువు భత్యం బకాయి కింద వచ్చిన యాభై ఎనిమిది రూపాయలు నా పెట్టెలో ఉన్నాయి. అది చేతి గడియారానికి కేటాయించినది. ప్రధానోపాధ్యాయుడికి గడియారం లేకపోతే బడి గంట ఎప్పుడు కొట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇప్పుడు కరీముద్దీన్ హోటలు రేడియో నిర్ణయిస్తున్నది. పాఠశాలకు ఇది గౌరవం కాదు. పద్దు మార్చడానికి వీలు లేదు.

29 నవంబరు

గేటు దగ్గర సమ్మమ్మ లేదు. ఏదో పని పడి ఉంటుంది.

30 నవంబరు

లేదు.

1 డిసెంబరు, బుధవారం

మధ్యాహ్నం విరామంలో పిల్లలు గోడ పక్కన ఖాళీ జాగాలో నిలబడి చూసి వెనక్కు వచ్చారు. తిండి తెచ్చుకోని వాళ్లు నీళ్లు తాగారు. బజ్జీల బండాయన జాగా కొలుస్తున్నాడు.

“సమ్మమ్మ తొర్రూరు దిక్కు పత్తి ఏరనీకి పోయింది సార్,” అన్నది వజీరా. “మొండయ్య మేస్త్రి చేన్ల. మా అబ్బా చెప్పిండు.”

తరువాత తరగతిలో చేయి ఎత్తింది.

“సార్, చీటీ మీద వాగ్దానం రాసున్నది గద. ఏ దినం ఇస్తరు?”

“చీటీ మీద తేదీ లేదు,” అని సమాధానం ఇచ్చాను.

“మీరిచ్చిన లెక్కలకు గూడ తేదీ చెప్పలే సార్. నేను గూడ ఎన్నడో ఓనాడు చేస్త.”

తరగతి నవ్వింది. బెత్తం తీశాను. మళ్లీ బల్ల మీద పెట్టాను.

2 డిసెంబరు

వింత జరిగింది. హోటలు ముందు నుండి పోతుంటే కరీముద్దీన్ పిలిచి చాయ్ ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.

“మీరు మాట మీద నిలబడ్డరు సార్. సమ్మమ్మకు మొత్తం కట్టేసిండ్రంట గద! జుబాన్ అంటె అది.”

ఎవరు చెప్పారని అడుగుదామనుకున్నాను. చాయ్ వేడిగా ఉంది. తాగాను.

ఇంట్లో కూడా అదే. “బస్తీల అంత మిమ్ములను పొగుడుతాండ్రు,” అన్నది శ్యామలమ్మ. నా వైపు చూసింది. తరువాత మూలనున్న పెట్టె వైపు చూసింది. పెట్టె తాళం ఎప్పటిలాగే ఉంది. అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించింది, కొత్త అల్లుడికి వడ్డించినట్టు.

ఎవరో పొరపాటు పడ్డారు. ఆ పొరపాటును దిద్దవలసిన బాధ్యత నాదేనా అన్నది పరిశీలించవలసిన అంశం.

3 డిసెంబరు

పరిశీలనలో ఉంది.

4 డిసెంబరు

రాత్రి నిద్ర లేదు. చాయ్ ఎక్కువైంది, ముగ్గురు ఉచితంగా ఇచ్చారు.

5 డిసెంబరు, ఆదివారం

ఉదయం పెట్టె తీశాను. ఎక్కడికని శ్యామలమ్మ అడగలేదు. రెండు రొట్టెలు కట్టి ఇచ్చింది. తొర్రూరు బస్సులో కూర్చుని, సొమ్ము అందినట్టు రశీదు మూడు ప్రతులు తయారు చేసుకున్నాను: ఒకటి సమ్మమ్మకు, ఒకటి పాఠశాల ఫైలుకు, ఒకటి నాకు. వేలిముద్ర కోసం సిరా డబ్బా కూడా తెచ్చాను.

మొండయ్య మేస్త్రి చేను రోడ్డుకు దగ్గరే. పాతికమంది ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని సాళ్ల వెంట పోతున్నారు. సమ్మమ్మను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. ఆమెను కూర్చుని ఉండగానే తప్ప నిలబడి ఉండగా నేను చూసినట్టు లేదు.

“అరె, సారూ! గీడికొచ్చిన్రేంది? అమ్మగారు మంచిగున్నదా?”

“బాగున్నది. నీ డబ్బు తెచ్చాను. నలభై ఏడు.”

ఆమె చటుక్కున వెనక్కు తిరిగి చూసింది. “జర మెల్లగ! మన బస్తీ ఆడోళ్లు నలుగురున్నరు ఈ చేన్ల.”

“ఉంటే ఏమి? మంచి మాటే కదా.”

“ఏం మంచి? నేను గీడికి రాకముందే, ఆ శనివారం నాడే మీరు ఇచ్చిండ్రని అందరికి చెప్పిన గద!”

గట్టు మీద నిలబడిపోయాను. కరీముద్దీన్ చాయ్, శ్యామలమ్మ రెండో వడ్డన ఎక్కడి నుండి వచ్చాయో అప్పుడు తెలిసింది.

“నేను ఇవ్వలేదు కదా సమ్మమ్మా. ఎందుకట్లా చెప్పావు?”

“చెప్పకుంటె ఏమైతుండె? నా పైసలు మునిగినయని పిల్లల తల్లులు ఊకోలే. కాగితం రాయించి ఆఫీసుల ఇస్తమన్నరు. ఒక్క కాగితం పోతె మీ నౌకరి పోతదని కరీముద్దీన్ సాబ్ చెప్పిండు. ఆ పెద్ద సారు మాట వజీరాకు కిటికీల నుంచి ఇనబడ్డదంట. ఉన్నది ఒక్క పంతులు. మీరు పోతె బడికి తాళం. బడికి తాళం పడ్డంక నా గంప ముందటికి ఎవలొస్తరు, కాకులా?” ఆమె చేతులు ఆగలేదు, పత్తి తీసి ఒడిలో వేస్తూనే ఉంది. “నలభై ఏడు రూపాలు పోతె పత్తి ఏరి కట్టుకుంట. బడి పోతె ఏం ఏరాలె?”

“మరి డబ్బు ముట్టిన దానివి పత్తికి ఎందుకు వచ్చావని వాళ్లు అడగలేదా?”

“అడిగిండ్రు. మా అక్క బిడ్డ లగ్గానికి కర్సున్నదన్న.”

“లగ్గం ఉందా?”

“బిడ్డనే లేదు.”

గట్టు మీద నుండి మేస్త్రి కేక వేశాడు. “ఓ పెద్దమనిషీ! ముచ్చట్లు పెట్టేటోళ్లు సాలు బయట! దాని కూలి కోస్త!”

సాలు లోపలికి దిగాను. చెప్పులు మట్టిలో కూరుకుపోయాయి. అటు ఇటు చూసి, రూమాలులో కట్టిన నోట్లు ఆమె ఒడిలోని పత్తి కింద పెట్టాను. ఆమె తడిమి చూసింది. లెక్కపెట్టలేదు.

“సేటుకు ఇరవై మూడు ఇదివరకే పంపిన. మిగిలింది రేపు పోయి కడ్త. ఎల్లుండి పొద్దుగాల గేటు కాడుంట.” ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నది. చెమటే అయి ఉంటుంది. ఎండ బాగానే ఉంది. “బజ్జీల బండాయనను ఎల్లుండి దాక మీరు ఆపుండ్రి సారూ. సర్కారు గోడ అని చెప్పుండ్రి.”

“చెప్తాను. చీటీలు ఇవ్వు మరి.”

“యాడియి? పొయ్యిల పెట్టిన.”

“అన్నీనా?”

“ఇంట్ల ఉంటె ఆఫీసోళ్లు ఎతికి పట్టుకోరా? నీళ్లు కాగినయి గని, మస్తు పొగ. పసుపు వాసన.” నా మొహం చూసింది. “నలభై ఏడే సారూ. నమ్మితె నమ్ముండ్రి.”

నా వాగ్దానానికి ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక సాక్ష్యం అది. దానిని ఆమె వారం కిందట, నేను వెనుక గేటు గాలి పీల్చుకుంటున్న రోజుల్లో, పొయ్యిలో పెట్టింది. ఈ విషయాన్ని ఏ పద్దు కింద నమోదు చేయవలెనో నాకు తెలియలేదు. జేబులోంచి రశీదులు తీశాను. అలవాటు.

“గదేంది?”

“వేలిముద్ర వేయాలి. డబ్బు ముట్టినట్టు.”

“తారీకు?”

“ఈ రోజుది.”

“అగో! ఇయ్యాల్టి తారీకేస్తె, అప్పుడే ఇచ్చిండ్రని నేను చెప్పింది అబద్ధమని తేల్తది. పోయిన వారం తారీకేస్తె మీది అబద్ధమైతది.” ఒడి సర్దుకున్నది. “చింపెయ్యుండ్రి సారూ. మీరు ఇయ్యాల ఇచ్చిన ముచ్చట ఎవ్వలికీ తెల్వొద్దు. అమ్మగారికి గూడ.”

మూడు ప్రతులూ చింపాను. ముక్కలు పత్తి మీద పడితే తూకంలో వస్తాయని ఆమె ఏరించింది. వాటిని జేబులో వేసుకున్నాను. జారీ కాని చీటీలకు జరగని చెల్లింపు ఈ విధంగా పూర్తి అయినది.

మేస్త్రి సాలు చివరకు వచ్చాడు. “ఏరితె ఏరు, లేకుంటె గట్టెక్కు. ఎవలు నువ్వు?”

“మా వాడకట్టు ఆయన. ఏరుడు నేర్చుకుంటాండు,” అన్నది సమ్మమ్మ.

బస్సుకు ఇంకా రెండు గంటలు ఉంది. కండువా నడుముకు ఒడిగా కట్టుకుని పక్క సాలు పట్టుకున్నాను. నాలుగు చెట్లు అయ్యాక ఆమె వచ్చి నా ఒడిలోకి తొంగి చూసింది.

“తొక్క గూడ వస్తాంది సారూ. వేళ్లతోని పైన పట్టి, మెల్లగ గుంజాలె. మళ్ల జేయుండ్రి.”

మళ్లీ చేయడమైనది.